హాజరు పట్టీ

మొదటి రోజు ఇరవై ఇద్దరికీ గైర్హాజరు వేశాను.
ఇరవై ఇద్దరూ నా ఎదుటే కూర్చుని ఉన్నారు,
బూట్ల మంచు కరిగి బల్లల కింద మడుగులు కడుతుండగా.

"అలారియాక్?" నిశ్శబ్దం.
"పానిక్‌పాక్?" నిశ్శబ్దం.
"ఉయరాక్?" ఎవరో తుమ్మారు. అది జవాబు కాదట.
నా పలుకుబడే చెడిందేమోనని
ఒక్కో పేరునీ మూడేసి రకాలుగా విరిచి చూశాను,
ముళ్ళ చేప నములుతున్నవాడిలా.
పిల్లలకి నా మీద జాలి వేసింది.

వెనక కూర్చుని సీలు తోలు కుడుతున్న రోడా ఇవాలు,
మా బడి సహాయకురాలు, అరవై ఏడేళ్ళావిడ,
తలెత్తకుండానే అంది:
"అందరూ పలికారుగా మాస్టారూ.
మీరేమో కాగితం వంక చూస్తున్నారు."

ఇక్కడ అవునంటే కనుబొమలు పైకి లేస్తాయి.
కాదంటే ముక్కు ముడుచుకుంటుంది.
"చలిలో నోరు తెరవడం దండగనా?" అని అడిగాను.
రోడా ముక్కు ముడిచింది.

నేను బంగాళదుంపల పొలాల నుంచి వచ్చినవాణ్ణి.
దేశం ఒకటే, విమానాలు మాత్రం నాలుగు మారాలి.
చలి నాకు తెలుసనుకున్నాను.
లెక్కలు ఇంకా బాగా తెలుసనుకున్నాను.

"మీ నాన్న ఐదు చేపలు పట్టాడు.
పక్కింటివాళ్ళకి మూడు ఇచ్చాడు. ఎన్ని మిగిలాయి?"
అకిట్టిక్ వేళ్ళు మడిచింది, తెరిచింది,
కిటికీలోంచి వీధి చివరిదాకా చూసింది.
"సున్నా."
"మళ్ళీ చెయ్యి."
"అత్త ఉందిగా. కాలు విరిగిన తాతయ్య ఉన్నాడుగా.
లెక్కలోంచి వాళ్ళనెందుకు తీసేశారు?"
ఎర్ర కలానికి మూత పెట్టేశాను.
ఆ సాయంత్రం నా గుమ్మంలో
సంచిలో గడ్డకట్టిన చేప ఒకటి, ఎవరు పెట్టారో.
లెక్కలో నన్నూ వేసుకున్నట్టున్నారు.

మా బడిలో పొడుగు గంట నిప్పుకి: అందరూ బయటికి.
పొట్టి గంటలు ఎలుగుబంటికి: అందరూ లోపలే.
నవంబరులో ఒక ఉదయం పొట్టి గంటలు మోగితే
"టోపీలు! బూట్లు! వరస! వరస!" అని అరుస్తూ
వీరుడిలా ముందు నడిచి తలుపు బార్లా తీశాను.
వెనక్కి తిరిగితే
ఇరవై రెండు ముక్కులు ముడుచుకుని ఉన్నాయి.
ఒక్కరూ కేక వెయ్యలేదు. ఎంత మర్యాద తెలిసిన పిల్లలు!
తెల్ల ఎలుగు మాత్రం దూరంగా, చెత్తకుప్ప దగ్గర
నాకంటే శ్రద్ధగా తన పని తాను చేసుకుంటోంది.

పుస్తకంలో చెట్టు బొమ్మ. ఊళ్ళో చెట్టే లేదు.
ఆకులు రాలిపోతాయి, మళ్ళీ వస్తాయి అని చెబితే
"అవేనా?" అన్నాడు ఉయరాక్.
"కాదురా, కొత్తవి."
"మీకెలా తెలుసు?"
పద్ధెనిమిదేళ్ళుగా చెబుతున్న పాఠం అది.
సుద్దముక్క జేబులో వేసుకున్నాను.

ఈ ఉయరాక్ ఒక్కచోట కూర్చోడు.
కిటికీ ఎక్కుతాడు, పరాయి టోపీలు పెట్టుకుంటాడు,
జిగురు రుచి చూసి పక్కవాడికీ పెడతాడు.
ఒకరోజు విసిగిపోయి మూలన నిలబెట్టాను.
రోడా సూది పక్కన పెట్టి లేచి వచ్చింది.
"మా అమ్మని అలా నిలబెట్టకండి."

ఆరేళ్ళ మగపిల్లాడు. ముందు పళ్ళు రెండూ లేవు.

"అమ్మ పోయిన చలికాలంలోనే పుట్టాడు.
ఆవిడ పేరే పెట్టుకున్నాం.
పేరు ఒక్కటే వస్తుందా, మనిషి రాకుండా?
ఆవిడా అంతే. కూర్చోమంటే లేచేది."
మూలనుంచి ఉయరాక్ కనుబొమలెగరేశాడు.
రోడా జేబులోంచి ఎండు మాంసం ముక్క తీసి
వాడి నోటికందించింది.
వాడు నెమ్మదిగా, పెద్దరికంగా నమిలాడు,
కూతురి వంట మీద ఏదో వంక పెట్టబోతున్నట్టు.

డిసెంబరులో ప్రోగ్రెస్ కార్డులు.
అప్పటికి సూర్యుడు కూడా గైర్హాజరై మూడు వారాలు.
ఉయరాక్ కార్డు మీద
"ఒక్కచోట కూర్చోడు" అని రాశాను.
చూశాను. కొట్టేశాను.
"ఎన్నడూ కూర్చోలేదట" అని రాశాను.